ఒక్క నవ్వు తక్కువ

లీడ్స్,
1867 నవంబరు 4

నేస్తం ఆంబ్రోస్,

శుక్రవారం యార్క్‌లో సభ పెట్టి నా నవల చదివి వినిపించాలి. అక్కడినుంచి మీ ఇంటికి రైల్లో కాసేపే. నువ్వూ హారియెట్టూ ఎదురుచూస్తారని తెలుసు. కానీ రాలేను. ఆదివారంలోగా న్యూకాజిల్ చేరాలని మా ఏజెంటు క్రంప్టన్ పట్టుబడుతున్నాడు.

ఇది సాకేలే. నీ దగ్గర దాపరికం ఎందుకు? ప్రతి ఊళ్లోనూ జనం అడిగేది పాదిరిగారి విగ్గును మేక తినేసే ఘట్టమే. "ఏడుపులు ఎవడిక్కావాలి సార్? మేకని వదలండి, హాలు నిండిపోద్ది!" అంటాడు క్రంప్టన్. మంచం పట్టిన నా భార్య ఫీబీని నవ్వించడానికి, ఆ చివరి వేసవిలో మీ ఇంట్లోనే రాశాను దాన్ని. నవ్వితే దగ్గు తెర ముంచుకొచ్చేది. అయినా "ఇంకోసారి చదవండి" అనేది. ఇప్పుడు ఊళ్లకు ఊళ్లే నవ్వుతున్నాయి. ఆ హోరులో నేను ఒక్క నవ్వు కోసం వెతుక్కుని, అలసిపోయి బసకు చేరుతున్నాను. ఇక మీ గుమ్మం ఎలా తొక్కను?

నీ
బార్నబీ


యార్క్,
శనివారం ఉదయం

ఆంబ్రోస్,

నిన్న సభలో చదవలేకపోయాను. బిషప్పు పాదిరిని టోపీ తియ్యమనే చోట ఆగిపోయాను.

ముందు వరసలో శాలువా కప్పుకున్న ముసలామె లేచింది. "కూర్చో నాయనా, మాకు రాదేంటి?" అని, పాదిరి గొంతు పెట్టి, "తియ్యమనకండి దొరా, కింద ఏం మిగల్లేదు!" అంది. వెనకనుంచి ఎవరో బిషప్పులా గద్దించారు. మేడమీంచి ఒకడు మేకలా అరిచాడు. చివరిదాకా వాళ్లే నడిపించారు. రాసినవాణ్ణి, మొదటిసారి ఆ ఘట్టాన్ని కూర్చుని విన్నాను. ఎంత నవ్వొచ్చిందో! పడీపడీ నవ్వాను. కళ్లు తుడుచుకుంటూ నవ్వాను.

క్రంప్టన్ మండిపడ్డాడు. "టికెట్టు కొని వాళ్లే చెప్పుకుంటే ఇంక మీరెందుకు సార్?"

"నేనూ అదే అనుకుంటున్నానయ్యా" అన్నాను. న్యూకాజిల్ మానేశాను.

ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది. ఈ సాయంత్రం రైలుకి వస్తున్నాను. వారం రోజులు నిద్రపోనివ్వండి. ఒక్క మాట, హారియెట్‌కీ చెప్పు. నేను బాధపడతానని భోజనాల దగ్గర ఫీబీ పేరు ఎత్తకుండా ఉండకండి. ఆవిడ గురించి మీకు తెలిసినవన్నీ చెప్పండి. వింటాను.

మీ
బార్నబీ