మన పక్కన కూర్చున్నవాడు

బావా,

నాలుగు రోజులుగా ఆసుపత్రికి రాలేదని నీకు కోపం వచ్చి ఉంటుంది. డ్యూటీ ఉందని అక్కతో అబద్ధం చెప్పాను. ఎదురుగా అనలేని మాట కాబట్టి రాస్తున్నాను.

సొరంగం కూలి మనిద్దరం రెండు రోజులు మట్టి వెనక చిక్కుకుపోయాం. నీ కాలు దూలం కింద ఇరుక్కుంది. రాళ్ళ సందుల్లోంచి కారే నీటిచుక్కల్ని హెల్మెట్‌లో పట్టి నీ నోట్లో పోసింది నేను. నీ తల నా ఒళ్ళోనే ఉంది. నువ్వేమో, "మన పక్కన ఎవరో కూర్చున్నార్రా. భయం లేదంటున్నారు," అన్నావు. "ఎవరూ లేరు బావా, నేనే," అంటే నవ్వి నిద్రపోయావు.

ఇప్పుడు చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆయన సంగతే చెబుతున్నావు. అక్క కూడా నా ముందే, "ఆ మహానుభావుడెవరో గానీ నీ ప్రాణం నిలబెట్టాడు," అని దణ్ణం పెట్టింది. ఫ్లాస్కు పట్టుకుని పక్కనే నిలబడ్డ నాకు ఒళ్ళు మండిపోయింది.

నా పేరు ఎత్తలేదనే కుళ్ళుకుంటున్నానని మొదట నేనూ అనుకున్నాను. అది కొంతే. నువ్వు నిద్రపోయాక ఆ చీకట్లో చేతులు చాచి అంతా తడిమి చూశాను బావా. రాళ్ళు తప్ప ఏమీ తగల్లేదు. నాకూ చచ్చేంత భయం వేసింది. భయం లేదని నాతో కూడా ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయేది?

రేపు సాయంత్రం వస్తాను. అందరినీ బయటికి పంపి నాకొక్కడికే చెప్పు. అక్కడున్నంతసేపట్లో ఆయన నావైపు ఒక్కసారైనా చూశాడా?

నీ బావమరిది