మ్యాపులో ఎరుపెక్కని మలుపు గురించి

రహదారుల శాఖ ఇంజనీరు గారి సముఖమునకు, కొండ రోడ్డు గ్యాంగు మేస్త్రీ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పదిహేడో కిలోమీటరు మలుపు సురక్షితమని తమ కంప్యూటరు తేల్చగా, రాళ్ళు తీసే మా గ్యాంగును అక్కడి నుంచి ఎత్తివేసిన ఘనకార్యం గురించి.

1. ఉపగ్రహ చిత్రాలు, కొండ వాలు, నేల తీరు, వాన లెక్కలు, పాత చరియల రికార్డు, అన్నీ కంప్యూటరులో ఒకదాని మీద ఒకటి పరచి, రోడ్డు పొడుగునా ఎక్కడ చరియ విరిగిపడగలదో రంగుల్లో చూపే మ్యాపు తమరు తయారు చేయించారు. ఎరుపంటే ప్రమాదం, ఆకుపచ్చంటే నిశ్చింత. మా మలుపు పచ్చగా వచ్చింది. తమరు మురిసిపోయి మమ్మల్ని ఎర్రగా ఉన్న తొమ్మిదో కిలోమీటరుకు మార్చారు. అక్కడ కొండకు ఇదివరకే కాంక్రీటు గోడ ఉంది. ప్రస్తుతం గోడకు కాపలా కాస్తున్నాం. గోడ క్షేమం.

2. పచ్చ రంగు ఎలా వచ్చిందో కనుక్కుందామని మ్యాపు గదికి వెళ్ళాను. చెప్పులు బయట విడవమన్నారు, కంప్యూటర్లకు దుమ్ము పడదట. కొండ మ్యాపు గీసే గదిలోకి కొండ మట్టి రాకూడదన్నమాట. అక్కడి బాబుతో జరిగిన సంభాషణ యథాతథంగా మనవి చేసుకుంటున్నాను.

"ఆ మలుపులో ఇంతవరకూ చరియ పడ్డట్టు రికార్డు లేదమ్మా."

"రోజూ పడుతూనే ఉంటుంది కదా బాబూ."

"రోడ్డు మూతపడితేనే రికార్డుకెక్కుతుంది. అక్కడ ఒక్కసారి కూడా మూతపడలేదు."

"మూతపడకుండా రాళ్ళు తీసేది మేమే కదా."

"అందుకే కదమ్మా, రికార్డు లేదు."

ఈ చివరి మాట నన్ను ఓదారుస్తున్నట్టు అన్నాడు.

3. అనగా, మేము ఒళ్ళు వంచి రాళ్ళు తీసిన పాపానికి ఆ కొండ బుద్ధిమంతురాలైపోయింది. మేము చెట్టు కింద కునుకు తీసి, రెండు బస్సులు నలగనిచ్చి ఉంటే, ఈపాటికి మలుపంతా ఎర్రబడి రాళ్ళు ఆపే ఇనుప వల, గోడ, సైరను అన్నీ వచ్చేవి. పని సరిగా చేస్తే పని పోతుందని ముందే ఒక ముక్క చెప్పి ఉండవలసింది.

4. తమరు జీపులో వచ్చినప్పుడల్లా "ఈ మలుపు ఎంత శుభ్రంగా ఉంటుందో చూశారా" అని పక్కవారికి చూపించేవారు. శుభ్రం దానంతట అదే అవుతుందని తమ నమ్మకం కాబోలు. తమ ఇంట్లో అంట్లు కూడా అలాగే తోముకుంటాయేమో, అమ్మగారిని అడిగి చూడగలరు.

5. స్కూలు బస్సు రోజూ ఆ మలుపు మీదుగానే వెళుతుంది. అందులో నా కూతురు ఉంటుంది. ఇదివరకు నన్ను చూసి చెయ్యూపేది. ఇప్పుడు ఇంటికొచ్చి, "అక్కడ ఎవరూ లేరమ్మా, రాళ్ళే ఉన్నాయి, డ్రైవర్ మామ పక్క నుంచి పోనిస్తున్నాడు" అంటోంది. పక్కన ఉన్నది లోయ. అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. నా ఆకలి శాఖాపరమైన అంశం కాదని తెలుసు. అయినా వ్రాశాను.

కావున మా గ్యాంగును వెనక్కి పంపి, మేము తీసే ప్రతి రాయినీ రికార్డుకెక్కించి, ఆ మలుపుకు దాని రంగు దానికి ఇప్పించవలసినదిగా, తమ చదువుకూ, జీపుకూ, చల్లటి గదికీ దండం పెట్టి వేడుకుంటున్నాను. తీరిక దొరికినప్పుడు చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు (ప్రస్తుతానికి),
గ్యాంగు మేస్త్రీ

తా.క.: ఈ అర్జీ ఇవ్వడానికి గ్యాంగంతా ట్రాక్టరులో బయలుదేరాం. ఆఫీసు దాకా రానక్కర్లేకపోయింది. మలుపులో గేదెంత రాయి రోడ్డుకు అడ్డంగా పడింది, దాని అవతల తమ జీపే ఆగి ఉంది. ఇది ట్రాక్టరు మీద కాగితం పెట్టి రాస్తున్నాను, గ్యాంగులోనే పనిచేసే మా వదిన తెచ్చి ఇస్తుంది. రాయి తీయమని మీ డ్రైవరు కేకలేస్తున్నాడు. మ్యాపు ప్రకారం ఇక్కడ రాయి లేదని చెప్పాను. జీపు కోసం తీయం. స్కూలు బస్సు హారను వినపడగానే తీసేస్తాం. తీసేశామా, మళ్ళీ ఇక్కడ ఏమీ పడనట్టే. కాబట్టి బస్సు వచ్చేలోగా జీపు దిగి ఫొటో తీసుకోండి సార్. దిగేటప్పుడు కొంచెం పైకి చూసుకుని దిగండి.