మొదటి రోజు మార్కులు

చి. సౌ. అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

తేదీ, ఊరు వేయని పిల్లలను బెంచీ ఎక్కించినవాణ్ణి. నేడు నేనే వేయలేదు. ఈ గదిలో రెండూ మారవు. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ నా కుడి పక్షం క్షేమం. ఎడమ పక్షానికి ఇంకా అలక తీరలేదు.

సోమవారం నన్ను పంపివేస్తారట. నయమై కాదు, నాపై శ్రమ దండగని. ఈ పునరావాస ఆసుపత్రిలో చేరిననాడే రోగికి మార్కులు వేస్తారు: తినడం, తొడుక్కోవడం, మెట్లెక్కడం, చెప్పదలచినది చెప్పగలగడం. వారం వారం మళ్ళీ వేస్తారు. పెరిగిన మార్కులను ఉన్న రోజులతో భాగిస్తే వచ్చేదే చికిత్స సామర్థ్యం. అది పడిపోతే మంచం మరొకరికి.

పక్క మంచం దర్జీది. ఊరందరికీ గుండీలు కుట్టినవాడు, తొలిరోజు తన గుండీ తాను పెట్టుకోలేక ఏడ్చాడట. ఇప్పుడు పెట్టుకుంటున్నాడు, గదంతా చప్పట్లు. నేనో, పరీక్ష అనగానే పళ్ళబిగువున చొక్కా తొడుక్కుని, మెట్లెక్కి, ఆపైన మంచం దిగలేకపోయాను. “తొలిరోజే ఫస్టు క్లాసు కొట్టేస్తే ఇంకేం పెరుగుతారు మాస్టారూ?” అని దర్జీ నవ్వుతాడు. వ్యాయామం చేయించే పిల్ల “ఇవన్నీ మీకొచ్చినవే కదా తాతగారూ, బద్ధకమా?” అని దెప్పుతుంది. ఆనాటి నన్ను నేనే అందుకోలేకపోతున్నాను.

తలుపు నర్సు కార్డు చూపితేనే తెరుచుకుంటుంది. మీ ఇల్లా, లిఫ్టు లేని నాలుగో అంతస్తు. మోసి ఎక్కిస్తే ఇక దిగను. ఈ బోను నుండి ఆ బోనుకు.

ఇట్లు,
మీ నాన్న

తా.క. అసలు సంగతి ఇంకా వ్రాయలేదు. ‘చెప్పగలగడం’లో నాకు పూర్తి మార్కులు. అడిగినవాటికి జవాబులు కాగితంపై, ఒక్క తప్పు లేకుండా, వ్రాసి ఇచ్చాను. వారి లెక్కలో వ్రాసినా చెప్పినట్టే. పెద్దమనిషి, మితభాషి అని మురిసిపోయారు. నోట మాట ముద్దగా వస్తోంది, తల్లీ. ఊరి పిల్లల ఉచ్చారణ దిద్దిన నోటికి నీ పేరు పలకడం లేదు. నువ్వు వచ్చిన ప్రతిసారీ కళ్ళు మూసుకున్నది నిద్ర వచ్చి కాదు. మాట నేర్పే ఆవిడ ఒకరు ఇక్కడ ఉన్నారు. నాతో పని లేదనుకుని నా మంచం దాటి వెళ్ళిపోతారు. సోమవారం పొద్దున్నే రా. మార్కులు వేసినవాళ్ళందరినీ కూర్చోబెట్టి, నా ఎదుటే, ఈ ఉత్తరం గట్టిగా చదివి వినిపించు.