ఎక్స్‌కి అంగుళం మార్జిన్

లెక్చరర్ గారికి,

బస్టాండు వెనక సందులో బట్టలు కుట్టే టైలరమ్మ నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం, మా బావగారి నడుం తప్ప. ఆయన మా అక్క భర్త. నా షాపులోనే ఇస్త్రీ చేస్తారు.

మీ కాలేజీవాళ్ళు పోస్టులో పాఠాలు పంపే ఇంటర్మీడియట్ బీజగణితం కోర్సులో నేనూ చేరాను. ఈ వయసులో ఈవిడకెందుకీ తిప్పలు అనుకుంటారేమో. కుట్టు శిక్షణ కేంద్రంలో కటింగ్ నేర్పే టీచరు పోస్టు ఖాళీ అయింది. నా చేతిపని చూసి, మీరైతేనే బాగుంటుందమ్మా అన్నారు. అంతలోనే బీజగణితం పాసైన కాగితం ఏదీ అన్నారు. గౌను కుట్టడానికి బీజగణితం ఎందుకండీ అంటే రూలు అన్నారు. టర్ము అయ్యేదాకా పోస్టు నాకోసం ఆపుతారట. ఆ తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తారట. చిన్నప్పటినుంచీ నాకు టీచరు కావాలని ఆశ సార్. కత్తెర చేతిలో పడ్డాక ఆ మాట పైకి అనలేదు, అంతే.

ఇక అసలు విషయం. మొదటి పాఠం లెక్కలు దిద్ది పంపారు, చాలా సంతోషం. పది లెక్కల్లో తొమ్మిదింటికి ఇంటూ మార్కు చూసి నా కళ్ళు చెమర్చాయి. ఆ కాగితాన్ని షాపులో అద్దం పక్కన అతికించాను. వచ్చినవాళ్ళందరూ చూసి మెచ్చుకుంటున్నారు. ఒక్క ఆరో లెక్కకు మాత్రం టిక్కు పెట్టారు. సిగ్గుతో తల వంచుకుని దాన్ని మళ్ళీ చేసి దీనితో పంపుతున్నాను.

ఇట్లు,
మీ శిష్యురాలు,
టైలరమ్మ

తా.క.: మీకు తెలియకపోవచ్చు, పని పూర్తయిన బట్టమీద మేం సుద్దతో ఇంటూ కొడతాం. ఇక దీన్నెవరూ ముట్టుకోవద్దని. టిక్కు పెడితే విప్పి మళ్ళీ కుట్టాలని. మీ కాలేజీలో కూడా అదే పద్ధతని తెలిసి ముచ్చటేసింది.

*

టైలరమ్మ గారికి,

మీ ఉత్తరం అందింది. కాలేజీలో ఇంటూ అంటే తప్పు. టిక్కు అంటే ఒప్పు. తొమ్మిది లెక్కలు తప్పు చేశారు. సరిగ్గా చేసిన ఒక్క ఆరో లెక్కనూ విప్పి, తిరిగి చేసి, ఇప్పుడు చెడగొట్టారు. మొదట జవాబు సున్నా అని సరిగ్గా రాసి, రెండోసారి ఒకటి అని ఎందుకు రాశారో నాకు అర్థం కాలేదు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. మీ దారి అంతా సక్రమంగానే ఉంది. చివరి జవాబు మాత్రం ప్రతిచోటా ఒకటి ఎక్కువ. ఏడు రావలసినచోట ఎనిమిది. పన్నెండు రావలసినచోట పదమూడు. తొమ్మిది చోట్ల ఒకే తప్పు యాదృచ్ఛికంగా జరగదు. మీరు ఎవరి దగ్గరో చూసి రాస్తున్నారు. ఆ మనిషికీ లెక్కలు రావు. ఇది కొనసాగితే రిజిస్టరు నుంచి మీ పేరు తీసేయాల్సి వస్తుంది.

ఇట్లు,
లెక్చరర్, బీజగణితం

తా.క.: అద్దం పక్కనున్న ఆ కాగితం తీసేయండి. దానిమీద నా సంతకం ఉంది.

*

లెక్చరర్ గారికి,

నమస్కారాలతో టైలరమ్మ రాయునది. మీ ఉత్తరం చదివాను. కాగితం తీసేశాను. తీస్తుంటే బావగారు, ఏమైందమ్మా, ఫస్టు రాలేదా అని అడిగారు. అద్దం తుడుస్తున్నానన్నాను.

సార్, కాపీ అన్న మాట మాత్రం నాకు ముల్లులా గుచ్చుకుంది. షట్టరు దించాక షాపులో ఒక్కదాన్నే కూచుని చేసిన లెక్కలవి. పక్కనున్నది ఒక్క బొమ్మ, కోట్లు తొడిగి చూసే బొమ్మ. దానికి తలే లేదు. తల లేనిదాని దగ్గర ఏం చూసి రాస్తాను చెప్పండి.

మీకు నామీద కోపం వచ్చిందని అర్థమైంది. తప్పు నాదే. పేరు రాయించుకోవడానికి వచ్చినరోజు మిమ్మల్ని వరండాలో చూశాను. మీ షర్టు భుజాలు కిందికి జారి, చేతులు మణికట్టు దాటి వేళ్ళమీదికి వస్తున్నాయి. రెడీమేడ్ అయివుంటుంది. అలాంటి షర్టులో రోజంతా నిలబడి పాఠం చెబితే ఎవరికైనా చిరాకు వస్తుంది. అందుకని ఒక షర్టు కుట్టి పంపుతున్నాను. కంటితో చూసి తీసుకున్న కొలత. నచ్చితే వేసుకోండి, కోపం తగ్గించుకోండి. రెండో పాఠం లెక్కలు కూడా జతచేశాను.

ఇట్లు,
తలవంచిన శిష్యురాలు,
టైలరమ్మ

తా.క.: ఎవరి దగ్గరా చూసి రాయలేదనడానికి సాక్ష్యం కావాలంటే బొమ్మను పంపమంటారా? బస్సులో దానికి టిక్కెట్టు కొట్టరు.

*

టైలరమ్మ గారికి,

షర్టు తిప్పి పంపుతున్నాను. విద్యార్థుల నుంచి గుండుసూది కూడా తీసుకోను. మా ప్రిన్సిపాల్ గారి ఎదుటే ఆ పార్సిలు విప్పాల్సి వచ్చింది. ఆయన అది చూసి, చాలా బాగుందే, ఎవరిచ్చారు అని అడిగారు. నాకు ముచ్చెమటలు పోశాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేనెవరికీ ఒక్క మార్కు ఊరికే ఇచ్చినవాణ్ణి కాను. మీరు నాకు లంచం పంపారు. ఇది మొదటి, చివరి హెచ్చరిక.

రెండో పాఠం చూశాను. అవే ఒకట్లు. నాలుగూ తొమ్మిదీ రావలసిన చోట ఐదూ పదీ. మైనస్ మూడు దగ్గర మైనస్ రెండు. మధ్యలో గీతలన్నీ ముత్యాల్లా ఉంటాయి, ఆఖరి గీతలో మాత్రం ఒకటి ఎక్కువ. టీ తాగుతూ కూడా ఆ ఒకటి గురించే ఆలోచిస్తున్నాను. నన్ను ఏడిపించడానికే చేస్తున్నట్టయితే ఆ సంగతి సూటిగా రాయండి. లేకపోతే ఆ ఒకటి ఎక్కణ్ణించి వస్తోందో వెంటనే రాయండి.

ఇట్లు,
లెక్చరర్, బీజగణితం

తా.క.: షర్టు భుజాలు సరిగ్గా సరిపోయాయి. తిప్పి పంపేముందు వస్తువు పరిస్థితి పరీక్షించడానికి మాత్రమే వేసుకున్నాను.

*

లెక్చరర్ గారికి,

టైలరమ్మ నమస్కారాలు. అయ్యో సార్, ఇన్నాళ్ళూ మీరు బాధపడుతున్నది ఆ ఒకటి గురించా? ముందే అడిగివుంటే మొదటి ఉత్తరంలోనే చెప్పేదాన్నిగా.

అది లోపలి మడత సార్. మార్జిన్.

ఛాతీ ముప్పై ఆరు వస్తే ముప్పై ఆరుకే కత్తిరిస్తామా? ఒక అంగుళం గుడ్డ లోపల వదలాలి. రేపు మనిషి ఒళ్ళు చేయొచ్చు, బట్ట ఉతికితే కురచ కావచ్చు. ఎక్కువైతే లోపలికి మడుస్తాం. తగ్గితే ఎక్కడినుంచి తెస్తాం? కొత్తగా పనిలో చేరిన ప్రతివాళ్ళకీ నేను మొదట నేర్పేది ఈ మాటే. మీరు పాఠంలో దాని ఊసెత్తకపోతే, ఇంత చిన్న విషయం చెప్పేదేముందని వదిలేశారనుకున్నాను. మొదటిసారి ఆరో లెక్కలో సున్నా వచ్చింది కనుక వదల్లేదు. లేని గుడ్డకు మడత ఎక్కడిది? మీరు టిక్కు పెట్టారు కదా, దానికి కూడా మడత కావాలేమో అనుకుని రెండోసారి ఒకటి వదిలాను. మైనస్ మూడంటే మనం ఇంకొకరికి ఇవ్వాల్సిన గుడ్డ. అందులో కూడా ఒకటి మిగుల్చుకున్నాను, అందుకని మైనస్ రెండు.

మీకు ఎక్స్ విలువ సరిగ్గా ఎంతుందో అంతే కావాలా? ఎక్స్ ఒళ్ళు చేస్తే మరి?

ఇట్లు,
మీ మేలు కోరే శిష్యురాలు,
టైలరమ్మ

తా.క.: మీరు వేసుకున్న షర్టుకు కూడా లోపల మడత ఉంది. పరీక్షించినప్పుడు చూడలేదా?

*

టైలరమ్మ గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి స్టాఫ్ రూములో పైకి చదివాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లంచమనీ కాపీ అనీ రాసినందుకు సిగ్గుపడుతున్నాను.

అమ్మా, ఎక్స్ ఒళ్ళు చేయదు. ఒక లెక్కలో ఎంత ఉందో, ఆ లెక్క ఉన్నంతకాలం అంతే ఉంటుంది. ఎక్స్‌ని మూడింతలు చేసి ఐదు తీసేస్తే పదహారు వస్తుందన్న లెక్క చూడండి. మీరు ఎనిమిది రాశారు. ఎనిమిదిని మూడింతలు చేస్తే ఇరవై నాలుగు, ఐదు తీస్తే పంతొమ్మిది. పదహారు కాలేదు. ఏడు పెట్టి చూడండి, సరిగ్గా పదహారు వస్తుంది. జవాబు రాగానే దాన్ని తిరిగి లెక్కలో పెట్టి చూసుకోవాలి. మీ భాషలో చెప్పాలంటే తొడిగి చూడాలి. బిగుతుగా ఉన్నా తప్పే, వదులుగా ఉన్నా తప్పే.

మీ దారి బాగుంది కనుక భయం లేదు. ఇప్పుడు మీ కాగితం ముందుకు రాగానే నా పెన్సిలు తనంతట తనే ఒకటి తీసేస్తోంది. తీసేస్తే అన్నీ సరైనవే. కాని టర్ము ఆఖరి పరీక్షలో అలా తీయడానికి నాకు అధికారం లేదు. మార్జిన్ మానేయండి. ముప్పై ఐదు వస్తేనే పాసు.

ఇట్లు,
లెక్చరర్, బీజగణితం

తా.క.: షర్టు లోపల మడత ఉన్న సంగతి అప్పుడే చూశాను. చాలా పద్ధతిగా ఉంది.

*

లెక్చరర్ గారికి,

టైలరమ్మ నమస్కారాలు. తొడిగి చూడమన్న మాటతో నా కళ్ళు తెరుచుకున్నాయి సార్. ఇప్పుడు ప్రతి జవాబునీ తొడిగి, ముందూ వెనకా చూసి, అప్పుడు గీత గీస్తున్నాను. మార్జిన్ మానేశాను. అంత సులువుగా మానలేదు. ఎప్పుడు ఏడు వచ్చినా చెయ్యి ఎనిమిదికేసి లాగుతుంది. చేతిమీద ఒక్కటేసుకుంటాను.

ఒక కష్టం మాత్రం వచ్చింది. మార్జిన్ మానడం అలవాటై షాపులో కూడా మానేశానట. నాకు తెలియనే తెలియదు. బావగారి ప్యాంటు సరిగ్గా నడుం కొలతకే కత్తిరించాను. అది తొడుక్కుని ఆయన బాగానే నడిచారు. కూచోబోయారు. తర్వాత సంగతి రాయకూడదు.

పరీక్ష దగ్గరికొస్తోంది. నిద్రలో కూడా ఎక్స్‌ని కొలుస్తున్నాను. పైకి నవ్వుతూ రాస్తున్నాను కాని, సార్, లోపల భయంగా ఉంది. ఆ కేంద్రంలో కత్తిరింపు గదిలో ఒక పెద్ద బల్ల, దాని ముందు నల్లబోర్డు ఉన్నాయి. ఒకసారి వెళ్ళినప్పుడు ఎవరూ లేకుండా చూసి ఆ బోర్డు దగ్గర నిలబడ్డాను. సుద్ద ముక్క చేతిలోకి తీసుకున్నాను. ఏమీ రాయకుండా తిరిగి పెట్టేశాను.

ఇట్లు,
మార్జిన్ మానేసిన శిష్యురాలు,
టైలరమ్మ

తా.క.: మళ్ళీ ఎక్కడ చిరుగుతుందోనని బావగారు కొన్నాళ్ళుగా నిలబడే భోంచేస్తున్నారు. బీజగణితం పెట్టినవాళ్ళెవరో కనిపిస్తే మాట్లాడాలంటున్నారు.

*

టైలరమ్మ గారికి,

ఈ ఉత్తరం మీరు చదివి చింపేయాలి.

మీ పరీక్ష పేపరు నేనే దిద్దాను. రాసినవాటిలో చాలా జవాబులు ఒంటికి అతికినట్టున్నాయి. గ్రాఫు గీసే పెద్ద ప్రశ్నలన్నీ వదిలేశారు, కారణాంకాల దగ్గర బాగా తడబడ్డారు. ఆఖరి లెక్కలో మీ చెయ్యి ఊరుకోలేదు. ఆరు రాసి, ఏడు చేసి, కొట్టేసి, మళ్ళీ ఏడే రాశారు. ఇంటూ కొట్టక తప్పలేదు. మొత్తం వేశాను. ముప్పై నాలుగు.

మళ్ళీ వేశాను. ముప్పై నాలుగే. పేపరు పక్కన పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఇంతవరకూ ఎవరికీ ఒక్క మార్కు ఊరికే ఇవ్వలేదని మీకే గొప్పగా రాశాను. కాళ్ళావేళ్ళా పడినవాళ్ళకి కూడా ఇవ్వలేదు. మీరు అడగనైనా అడగలేదు. నాకు మాత్రం మీరు రాసిన మాటే చెవిలో వినిపిస్తోంది, తగ్గితే ఎక్కడినుంచి తెస్తాం అని.

తెచ్చాను. ముప్పై నాలుగు కొట్టేసి ముప్పై ఐదు వేశాను. మార్జిన్ అనుకోండి. మీరు పాసయ్యారు. పాసైన కాగితమూ, దిద్దిన పేపరూ ఇందులో ఉన్నాయి. నేను చేసింది తప్పని నాకు తెలుసు. తెలిసే చేశాను. ఆ నల్లబోర్డు దగ్గరికి వెళ్ళి ఈసారి ఏదైనా రాయండి.

ఇట్లు,
నియమం తప్పిన లెక్చరర్

తా.క.: రెండు రోజులుగా ప్రిన్సిపాల్ గారి మొహం చూడలేకపోతున్నాను. ఆయన నాకేదో జబ్బు చేసిందనుకుని సెలవు తీసుకోమంటున్నారు.

*

మాస్టారికి,

శిక్షణ కేంద్రం కటింగ్ టీచరు నమస్కారాలు. కాగితం చూపించగానే పోస్టు నాకిచ్చారు. నిన్ననే చేరాను. బోర్డుమీద మొదట ఏం రాశానో చెప్పనా? మార్జిన్ అని రాశాను.

మీ ఉత్తరం చదివి మొదట ఏడ్చాను. నాకోసం ఒక నిజాయితీపరుడు తప్పు చేశాడే అని రెండు ముద్దలు కూడా మింగుడు పడలేదు. ఉద్యోగం వద్దని చెప్పేద్దామని చెప్పులు కూడా వేసుకున్నాను. అంతలో అలవాటు గుర్తొచ్చింది. కొలత రెండోసారి తీయందే నేను ఏదీ కత్తిరించను. పేపరు తీసి, మీరు ప్రతి లెక్క పక్కనా వేసిన మార్కులన్నీ కూడి చూశాను. ముప్పై ఐదు వచ్చింది. మళ్ళీ కూడి చూశాను. నా చెయ్యి మార్జిన్ కలుపుతోందేమోనని భయమేసి బావగారి చేత కూడించాను. నిలబడి కూడారు. ముప్పై ఐదే.

మాస్టారూ, మీ మార్కులు సరిగ్గానే ఉన్నాయి. మొత్తం దగ్గరికి వచ్చేసరికి మీరు ఒకటి తీసేశారు. నా కాగితం కనబడితే పెన్సిలు తనంతట తనే ఒకటి తీసేస్తోందని మీరే రాశారుగా. టర్మంతా తీసి తీసి ఆఖరున నా మొత్తంలోనూ తీసేశారు. రెండోసారి వేసినప్పుడూ తీసేశారు. తర్వాత మీరు కలిపింది నాదే. ఊరికే ఇచ్చిన మార్కు ఒక్కటీ లేదు. మీ నియమం ఇప్పటికీ కుట్టు ఊడకుండా ఉంది. ప్రిన్సిపాల్ గారి మొహం ధైర్యంగా చూడండి.

ఉత్తరం చింపమన్నారు. చింపలేదు. ఆ మాటొక్కటి వినలేదు, క్షమించండి.

ఇట్లు,
ఎప్పటికీ మీ శిష్యురాలు,
టైలర్ టీచరమ్మ

తా.క.: కోర్సు అయిపోయింది కనుక ఇక లంచం కాదు. అదే షర్టు తిరిగి పంపుతున్నాను. లోపల అంగుళం అలాగే ఉంది, దాన్ని మాత్రం తీసేయకండి. ప్యాకెట్టు మీద సుద్దతో ఇంటూ కొట్టాను. కంగారు పడకండి. అయిపోయిందని.