నిండిన మెషిన్ మీద పరీక్ష

అక్కకు, నీ చెల్లెలు రజిత దండాలు.

నేనిక్కడ క్షేమం. చిట్యాలలో మీరంతా బాగున్నారని తలుస్తాను. బాపు మోకాలి నొప్పి తగ్గిందా? అవ్వ మందులు వేసుకుంటోందా? నా గురించి బెంగ వద్దు, వేళకు తింటున్నాను. ఈ పోలండ్‌లో రోజూ వాన, చలి, చప్పటి తిండి. ఎల్లిగడ్డ కారం అయిపోయింది, ఇటు ఎవరైనా వస్తే పంపు. ఆదివారం వస్తే పలకరించే దిక్కుండదు. అయినా బాగానే ఉన్నాను, నిజంగానే.

ఈసారి నీకొక సంతోషం, ఒక బాధ చెప్పాలి. ముందు సంతోషం: ప్రసాద్ మీద కసి తీర్చుకున్నాను.

ప్రసాద్ మా టీంలో సీనియర్. నేను చేరిన వారమే "గిదేందో పనిచేస్తలేదు సార్" అంటే, టీంలోని తెలుగువాళ్ళ ముందు నా యాసను వెక్కిరించి నవ్వాడు. ఆరు నెలలుగా ఆ నవ్వు నా చెవుల్లోనే ఉంది.

మా పని నీకు తేలిగ్గానే అర్థమవుతుంది. నీ కిరాణా కొట్టులో అరలు నిండితే, కొత్త సరుకు కోసం కదలని సరుకు తీసేస్తావు కదా. కంప్యూటర్లో మెమరీ నిండినప్పుడు కెర్నల్ అనే అసలు ప్రోగ్రాం చేసేదీ అదే. ఏది తీయాలో వెతకడానికే ప్రాసెసర్ అలసిపోతే మిగతా పనులు కుంటుపడతాయి. ప్రసాద్ ఆ వెతికే పద్ధతి మార్చి, ప్రాసెసర్ మీద అదనపు భారమే లేదన్నాడు. దాన్ని పరీక్షించే పని నాకిచ్చారు.

అతను చూసుకున్నది మెమరీ సగం ఖాళీగా ఉన్న మెషిన్ మీద. అరలు ఖాళీగా ఉంటే సరుకెవరు తీస్తారు? నేను మెమరీ నిండా నింపి, పాత కెర్నల్‌నూ కొత్తదాన్నీ నడిపాను. కొత్తదానిలో భారం బాగా పెరిగింది. అతనికి విడిగా చెప్పాల్సింది. చెప్పలేదు. మూడు రోజులు ఎవరికీ చూపించకుండా దాచాను. మీటింగులో అతను గొప్పలు పోయాక, నా లెక్క తెర మీద పెట్టాను.

"ముందే చెప్పొచ్చుగా రజితా?" అన్నాడు, మొహం మాడ్చుకుని.

"జర మెమరీ నింపి చూస్తే ఎర్కైతుండె సార్. మీరెందుకు చూడలే?" అన్నాను.

అతని మార్పు అక్కడే ఆపేశారు. ఆ రోజు పప్పుచారు కాచుకుని కడుపునిండా తిన్నాను.

ఇక బాధ. శనివారం పొద్దున రిపోర్టు రాద్దామని కూర్చుంటే నా తప్పు కనబడింది. కొత్త కెర్నల్ నడిపినప్పుడు ట్రేసింగ్ ఆన్‌లో ఉండిపోయింది. లోపల జరిగేదంతా అడుగడుగునా రాసిపెట్టే సాధనం అది, ఆ రాతకూ ప్రాసెసర్ కావాలి. పాతది నడిపినప్పుడు అది లేదు. దాన్ని ఆపి మళ్ళీ నడిపాను. పెరిగిన భారం సగమే మిగిలింది. తక్కిన సగం నేను పెట్టిందే. దాచకుండా ఎవరికైనా చూపించి ఉంటే అప్పుడే బయటపడేది.

ఇది ఇంకా ఎవరికీ తెలియదు. నా ఉద్యోగం ఖాయం చేసేదీ లేనిదీ ఈ నెలలోనే తేలుస్తారు. ఊరుకుంటే గెలుపు నాదే, ఊరుకోవాలనే ఉంది కూడా, నీ దగ్గర దాపరికమెందుకు? కానీ తప్పుడు లెక్కతో కొడితే ఆ నవ్వుకు జవాబు చెప్పినట్టు కాదు. సోమవారం అందరి ముందూ నా సగం నేనే ఒప్పుకుంటాను. నవ్వితే నవ్వనీ. ఆ వెంటనే మిగిలిన సగం తెర మీద పెడతాను. అది వాడిదే అక్కా, దాన్ని మాత్రం వదలను.

బావను అడిగానని చెప్పు. అవ్వకు, బాపుకు నా దండాలు. ఈ ఉత్తరం ఫోటో తీసి నీ ఫోన్‌కు పంపుతున్నాను, బాపుకు ఇవాళే మొత్తం చదివి వినిపించు, నా తప్పు దగ్గర దాటెయ్యకు. సోమవారం నా గొంతు వణకకూడదని దీవించమను.

నీ చెల్లెలు,
రజిత