వంగిన నడుముతో సాక్ష్యం

మార్టూరు, గురువారం

చెల్లీ జయకుమారీ, ప్రభువునందు నీకు వందనాలు.

ఫోను చేస్తే మరిది స్పీకరు పెడతాడు. ఇది ఆయన వినేది కాదు. అందుకే పదో తరగతితో వదిలేసిన కలం ఇన్నాళ్లకు పట్టుకున్నాను. రేపు మీ దర్శికి వచ్చే పక్కింటి సాజిదా చేతికిస్తాను.

గుంటూరు డాక్టరు నీ రొమ్ములో గడ్డకు ఆపరేషను చెబితే, "అక్క నడుము నిలబెట్టిన దేవుడు నా గడ్డ కరిగించలేడా?" అని తేదీ దాటించావట. "సోమవారం కూడా వెళ్లకపోతే ఇక నా చేతుల్లో లేదన్నాడు డాక్టరు, వదినా, మీరే చెప్పండి" అని మరిది ఏడ్చాడు.

జయా, నా నడుము నిలబడలేదు.

ఎనిమిదేళ్ల కిందట ఉపవాస కూటంలో పాస్టరు అయ్యగారు నూనె రాసి, ప్రార్థించి, మైకు నా నోటి దగ్గర పెట్టి "ఎలా ఉందమ్మా?" అన్నారు. చుట్టూ చప్పట్లు. ఆ నిమిషం నొప్పి తెలియలేదు, బాగయిందన్నాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పడానికి వంగితే మళ్లీ లేవలేకపోయాను. అప్పటి నుంచి ఏటా కృతజ్ఞత కూటంలో అదే సాక్ష్యం చెప్పిస్తున్నారు, చెబుతున్నాను. మిరపకోతలో చివరి సాలు అడిగి తీసుకునేది నా అవస్థ ఎవరికీ కనబడకూడదనే. ప్రార్థనకని చెప్పి నరసరావుపేట వెళ్లేది ఎముకల డాక్టరు దగ్గరికే.

మొన్న స్త్రీల కూటంలో వాక్యం చెప్పే వంతు నాది. పద్దెనిమిదేళ్లు నడుము వంగిపోయిన స్త్రీని యేసు నిలబెట్టిన భాగం వచ్చింది. వంగిన మనిషికి నేల తప్ప ఎదుటివాళ్ల ముఖం కనబడదు కదా. ఇన్నేళ్లలో నీ ముఖం సూటిగా చూసి ఒక్కసారైనా మాట్లాడానా? ప్రభువు మొదట ఆమెను అందరి మధ్యకి పిలిచాడు, తర్వాతే చెయ్యి వేశాడు. నాలో నిటారు కావలసింది ఎముక కాదని అప్పుడు తెలిసింది. ఈ ఆదివారం రొట్టె, ద్రాక్షారసం పంచే ముందు లేచి నిజం చెబుతాను. సోమవారం నువ్వు వెళ్లు. నన్ను తిట్టుకుంటూనైనా వెళ్లు.

నీ అక్క,
ఎస్తేరు


గుంటూరు, ఆసుపత్రి వరండా, శుక్రవారం

జయా,

నువ్వు లోపల ఉన్నావు. తలుపు వేసి రెండు గంటలైంది. ఊరికే కూర్చోలేక రాస్తున్నాను.

ఆదివారం సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. సగంలోనే సంఘ పెద్ద ఆదెయ్య "ఇదా సమయం? కూర్చోవమ్మా!" అని గదిమాడు. వెనక నుంచి ఎవరో, "ఎనిమిదేళ్లు మా చేత ఉత్తి చప్పట్లు కొట్టించిందే!" అన్నారు. కూర్చోలేదు, అంతా చెప్పాను. అయ్యగారు అందరికీ పంచి, నాకు మాత్రం రొట్టె ఇవ్వలేదు. బయటికొస్తుంటే ఒక్కరూ వందనం చెప్పలేదు. నడుము ఎప్పటిలాగే లాగుతోంది. అయినా వాళ్లందరి ముఖాలూ చూసుకుంటూ నడిచాను.

ఆ సాయంత్రం మరిది ఇంట్లో లేనప్పుడు ఫోను చేసి నువ్వన్న మాట చెవిలోనే ఉంది. "నీ నడుము మాత్రలు మూడేళ్ల కిందటే బియ్యం డబ్బాలో చూశానక్కా. కోస్తారంటే భయమేసి నీ సాక్ష్యం చాటున దాక్కున్నా. ఇద్దరం దొంగలమే. నువ్వు పక్కనుంటేనే వెళ్తా."

బాగైపోతావని రాయాలని ఉంది. రాయను. తెలియనిది తెలిసినట్టు చెప్పడం మానేశాను. ప్రార్థిస్తున్నాను, ఇక్కడే ఉన్నాను. ఈ రెండూ నిజం.

మెలకువ వచ్చాక చదువుకో. రెండు ఉత్తరాలూ దాచుకో, మరిదికి కూడా చూపించకు. సంఘానికి చెప్పాల్సింది చెప్పేశాను. ఇవి నీకు మాత్రమే.

అక్క,
ఎస్తేరు