పాత పట్టీ డబ్బాలో ఉంది

చిన్నోడా,

నీ గిటారు బల్లమీద ఉంది. జిగురు ఆరేదాకా కదపకు. తీగలు పట్టుకునే పాత పట్టీ తీసేసి, స్వరాన్ని ఊపే కడ్డీ ఉన్న కొత్తది బిగించబోయాను. తలుపులు చేసే చెయ్యి కదా, చెక్క నడుమ చూసుకుని కన్నం వేశాను. తీగల వరస చూసి వెయ్యాలని తర్వాత తెలిసింది. చెక్కముక్క దిగ్గొట్టి ఆ కన్నం మూసేశాను. నన్ను తిట్టుకుంటే తిట్టుకోరా, గిటారు మీద మాత్రం అలగకు. ప్రమాదం తర్వాత నీ ఎడమ వేళ్ళు తీగని వణికించలేకపోతున్నాయిగా, ఈ కడ్డీ ఉంటే ఆ పని కుడిచెయ్యి చూసుకుంటుంది. పని నుంచి వచ్చాక బిగిస్తాను.

నాన్న

పాత పట్టీని స్క్రూలతో సహా డబ్బాలో దాచాను. గిటారు మీద దాని కన్నాలు మాత్రం మూయలేదు. నీ వేళ్ళు మళ్ళీ మాట విన్నరోజు అదే బిగిద్దాం.